విరిగిన లక్కచుక్క

దీపావళి లక్ష్మీపూజ నాడు, ఊళ్ళోని బట్టల వర్తకులంతా చూస్తుండగా, ఆదిశేషయ్యగారి హాల్లో పాట పెట్టె బొంగురుపోయి, కమురు వాసన కొట్టి, పొగ కక్కి ఆగిపోయింది. ఆ పెట్టెని కట్టింది సాంబమూర్తి. అందులో కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరుకి రాగితీగ చుట్టిందీ అతనే. వారం తిరక్కుండా అతని కొట్టుకి రేడియోలు రావడం మానేశాయి. ఇంకో వారానికి, ఎవరి ముఖమూ చూడలేక, మద్రాసులో పని వెతుక్కుంటానని అతను బండెక్కాడు. కొట్టు గది కూడా ఆదిశేషయ్యగారిదే. నెలాఖరుకి ఖాళీ చెయ్యమని ఆయన కబురు పెట్టారు. సాంబమూర్తి భార్య పున్నమ్మ ఖాళీ చెయ్యనంది. డిసెంబరు ఒకటో తారీకున బెజవాడకి సొంత రేడియో స్టేషను వస్తోంది. ఆ లోపల అదే పెట్టెని మీ హాల్లో మోగిస్తాను, మోగితే గది మాది, మోగకపోతే మీ ఇష్టం అని ఆయన వాకిట్లో నిలబడి మాట తీసుకుని వచ్చింది.

ఆ మాట అని ఎనిమిది రోజులైంది. ఇవాళ ఆదివారం. ఒకటో తారీకు బుధవారం.

తాను చుట్టిన కొత్త ట్రాన్స్‌ఫార్మరుని పున్నమ్మ పాత పంచె ముక్కలో పొట్లం కట్టి సంచీలో పెట్టింది. పట్టకారు, చిన్న కత్తి, సీసపు కడ్డీ, టంకం పెట్టే ఇనుము వరసగా సర్దింది. మరిది అంకమ్మరావు బల్ల పక్కన నిలబడి చూస్తున్నాడు. అన్న దగ్గరే పని నేర్చుకుని, అన్న దగ్గరే పనిచేస్తూ, కాలవ అవతల వేరే కాపురం ఉంటున్న మనిషి.

"వదినా, నా మాట వినండి. వెళ్ళకండి," అన్నాడు.

"ఎందుకూ?"

"అన్నయ్య చుట్టిందే నిలవలేదు. ఏడాది నుంచి పక్కన కూచుని చూస్తున్నంత మాత్రాన మీరు చుట్టింది నిలుస్తుందా? ఇంకోసారి పొగొచ్చిందంటే ఈ వీధిలో తలెత్తుకోలేం. గది సంగతి నాకొదిలెయ్యండి. ఆదిశేషయ్య బాబాయిగారితో నేను మాట్లాడతాను."

"మీ అన్నయ్య చుట్టింది విప్పి లెక్కపెట్టాను అంకమ్మరావూ. నోటుబుక్కులో ఎన్ని చుట్లని రాశారో అన్నీ ఉన్నాయి. ఒకటి తగ్గలేదు."

ఆ లెక్క అబద్ధం కావడానికి వీల్లేదు. పెడనలో మగ్గాల మధ్య పుట్టిన పిల్ల పున్నమ్మ. ఎనిమిదో ఏట నుంచే తండ్రి పక్కన కూచుని పడుగు పోగులు లెక్కపెట్టింది. పోగు తప్పితే పంచె అంచు దాకా ఆ తప్పు కనపడుతుందని, నోటితో ఎవరితో మాట్లాడుతున్నా వేలి లెక్క వేలు చెయ్యాలని ఆ ఇంట్లో నేర్పేవారు. మాడి నల్లబడిన తీగ మాటిమాటికీ తెగుతుంటే, తెగిన ముక్క ముక్కకీ గోడమీద బొగ్గుతో గీత గీసి, రెండు పగళ్ళు అదే పనిగా లెక్కపెట్టిందామె.

"అన్నీ ఉంటే మరి కాలడం దేనికి?" అన్నాడు అంకమ్మరావు.

"అదే చూద్దామని వెళ్తున్నా."

అంకమ్మరావు బల్లమీది స్క్రూడ్రైవరు తీసి, ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నాడు. "అక్కడ చూడ్డానికేముందండీ? కాలినదాన్ని విప్పి తెచ్చింది నేనే కదా. మిగతాదంతా శుభ్రంగా ఉంది."

"శుభ్రంగా ఉంటే ఇంకా మంచిది. నేను వచ్చేదాకా కొట్టు చూసుకో." తాళంచెవి అతని చేతిలో పెట్టి, సంచీ భుజాన వేసుకుని పున్నమ్మ వీధిలోకి దిగింది.

ఆదిశేషయ్యగారి ఇల్లు రెండు వీధుల అవతలే. ఇంటికి ముందు గిడ్డంగి, దాని వెనక హాలు. హాల్లోకి వెళ్ళాలంటే పంచెల బేళ్ళ మధ్యనుంచి నడవాలి. ప్రతి బేలుకీ అట్ట చీటీ వేలాడుతుంటుంది. నలభై, అరవై, ఎనభై, నూరు అని నూలు నంబర్లు. నంబరు పెరిగేకొద్దీ పోగు సన్నం, బట్ట మేలు, గిడ్డంగిలో దాని చోటు కూడా ఎత్తు. నలభైలు నేలమీద ఉంటాయి, నూర్లు చెక్క బల్లమీద ఉంటాయి. పున్నమ్మ ఆ చీటీలు చదువుకుంటూనే లోపలికి వెళ్ళింది. చిన్నప్పటి అలవాటు.

హాల్లో ఆదిశేషయ్యగారితోపాటు ఇంకొకాయన కూచుని ఉన్నారు. ఉయ్యూరు నుంచి వచ్చిన రామకోటేశ్వరరావు. చెరుకు రైతు. చక్కెర ఫ్యాక్టరీ పెట్టిన దగ్గర్నుంచి ఆయన తోటలకి మంచి రోజులు వచ్చాయి. తన ఇంటికీ ఓ పాట పెట్టె కట్టించుకోవాలని ఆయన కోరిక. దీపావళి నాటి పొగ సంగతి విని, ఇవాళ ఏమవుతుందో చూడ్డానికే ప్రత్యేకం బస్సెక్కి వచ్చారు.

ఆదిశేషయ్యగారు ఆమెని చూసి కొంచెం వింతగా అడిగారు. "ఇంకా దీనితో నీకేం పనమ్మా?"

ఆ మాట పున్నమ్మకి చురుక్కుమంది. "మాటిచ్చాను కదండీ బాబాయిగారూ. నిలబెట్టుకోవాలిగా," అంది.

"నీ ఇష్టం. బాగయితే నాకు మంచిదే," అని ఆయన చెయ్యి ఊపారు. ఆడమనిషి పట్టకారు పట్టుకోవడం ఆయనకి నచ్చలేదని ముఖమే చెబుతోంది.

"అమ్మాయిగారూ, పొగొచ్చేటప్పుడు ముందే చెప్పండేం. కొత్త పంచె కట్టుకొచ్చా," అన్నారు రామకోటేశ్వరరావు.

"మీ పంచెకేం భయం లేదండీ. కాస్త కిటికీ వైపు జరగండి, నాకు వెలుతురు కావాలి," అంది పున్నమ్మ. ఆయన నవ్వుతూ కుర్చీతో సహా జరిగారు.

ఆదిశేషయ్యగారి భార్య చౌడేశ్వరమ్మగారు కుంపటిలో నిప్పులు వేసి తెచ్చి పక్కన పెట్టారు. టంకం ఇనుము ఆ నిప్పుల్లో పెట్టి, పున్నమ్మ నేలమీద కూచుని పెట్టె వెనక వైపుకి జరిగింది.

గోడవారన టేకు బీరువాలాగా నిలబెట్టి ఉన్నది స్పీకరు. దాని పక్కన బల్లమీద ఉన్నది యాంప్లిఫయరు. రేడియోలోంచి గాని గ్రామఫోను ముల్లులోంచి గాని వచ్చే పీల గొంతుకి బలం ఇచ్చి స్పీకరుకి పంపేది అదే. దాని వెనక ఒక నల్లటి పలక, పలకమీద వరసగా మూడు ఇత్తడి స్క్రూలు. ఒక్కో స్క్రూ కింద సాంబమూర్తి తెల్లరంగుతో రాసిన అంకె. మూడు, ఏడు, పదిహేను. స్పీకరు నుంచి వచ్చిన తీగ మూడు కింద బిగించి ఉంది. ఉండాల్సిన చోటే ఉంది.

పున్నమ్మ టంకం ఇనుము కోసం చెయ్యి చాచి, ఆగింది.

సాంబమూర్తికి ఒక అలవాటు. పని ముగించాక ప్రతి స్క్రూ తలమీదా ఎర్రలక్క కరిగించి ఒక చుక్క వేస్తాడు. వాడినదానిమీదా, వాడనిదానిమీదా. బండి కుదుపుకి వదులు కాకుండా ఉండడానికని చెప్పేవాడు గాని, ఎవరైనా ముట్టుకుంటే తెలియడానికి కూడా. ఏడో నంబరు స్క్రూ మీద ఆ చుక్క కుంకుమబొట్టులాగా నున్నగా ఉంది. మూడు మీద లేదు. సందుల్లో రెండు మూడు ఎర్రటి పెచ్చులు మిగిలాయి. పదిహేను మీద సగం ఉంది, సగం విరిగిపోయింది. ఇత్తడి తలమీద గీతలు పడ్డాయి. స్క్రూడ్రైవరు జారితే అటువంటి గీతలు పడవు. కత్తి మొన జారితే పడతాయి.

కాలిన ట్రాన్స్‌ఫార్మరుని తియ్యడానికి ఈ స్క్రూలతో పని లేదు. దాని తీగలు పెట్టె లోపల సీసంతో అతికి ఉంటాయి. మరి వీటిని ఎవరు విప్పారు?

వేలితో ఎర్రటి పెచ్చు ఒకటి తీసి, కొంగు చివర ముడేసుకుంది. ముందు పని ముగించింది. పాతదాని చోట కొత్తది కూచోబెట్టి, లోపలి తీగలు అతికి, ఒక్కో అతుకూ లాగి చూసింది. తరవాత స్పీకరు పెట్టె వెనక రేకు విప్పి లోపలికి తొంగిచూసింది. అయస్కాంతం మీద కంపెనీవాళ్ళు అచ్చుకొట్టిన అంకె స్పష్టంగా కనిపించింది. మూడు ఓములు.

అప్పుడు లేచి నిలబడింది.

"బాబాయిగారూ, స్విచ్చి వేసేముందు ఒక మాట అడగాలి. స్పీకరు తీగని మూడు మీద నుంచి పదిహేను మీదికి మార్చింది ఎవరండీ?"

"ఎవరు మారుస్తారు? మాకేం పని?"

"లక్క విరిగిందండి."

"ఎలకలు కొరికుంటాయి." ఆదిశేషయ్యగారి గొంతు గట్టిపడింది. "ఇదిగో అమ్మాయ్, కట్టింది మీ ఆయన, కాల్చింది మీ ఆయన. ఇప్పుడు పెద్దమనిషిని ఎదురుగా పెట్టుకుని నన్ను విచారణ చేస్తావా? మోగించగలిగితే మోగించు. లేకపోతే సంచీ సర్దుకో."

ఇప్పుడు ఊరుకుని స్విచ్చి వేస్తే పెట్టె మోగుతుంది. గది దక్కుతుంది. కాని ఊళ్ళో ఏమంటారు? పెళ్ళాం బాగుచేసింది, మొగుడు పాడుచేసింది అంటారు. సాంబమూర్తి పనివాడు కాడన్న మాట అలాగే నిలిచిపోతుంది. అది ఆమెకి అక్కర్లేదు.

"మోగిస్తానండి. కాని ఎందుకు కాలిందో తేలకుండా మోగిస్తే మళ్ళీ కాలుతుంది. మీరు చెప్పేదాకా స్విచ్చి వెయ్యను."

"ఏమిటీ!"

"వెయ్యనండి."

రామకోటేశ్వరరావు పొడుంకాయ మూత తీసినవారు తీసినట్టే పట్టుకున్నారు. గుమ్మం దగ్గర్నుంచి చౌడేశ్వరమ్మగారి గొంతు వచ్చింది, ఏమీ ఎరగనట్టు.

"పూజకి ముందురోజు మీరు అక్కడే కదండీ కూచున్నారు, ఆ వెనకాల? నూలు తుంచే కత్తి మొన వంగిపోయిందని నన్ను కేకలేశారు. నేను కత్తి ఎందుకు ముడతానూ అంటే వినరాయె."

ఆదిశేషయ్యగారు భార్య వైపు చూశారు. ఆవిడ గుమ్మానికి వేలాడుతున్న మామిడాకుల తోరణం సర్దుతున్నారు.

"పట్టేశారు చెల్లెమ్మగారు!" అన్నారు రామకోటేశ్వరరావు, పొడుం పీల్చి.

ఆదిశేషయ్యగారు కాసేపు కండువా అంచు నలిపారు. మోసం తెలిసిన మనిషి కాదు ఆయన, గర్వం మాత్రం తెలిసిన మనిషి. "అవును, నేనే మార్చాను. అయితే ఏమిటి? ముప్ఫై ఏళ్ళుగా నంబర్లతో బతుకుతున్నవాణ్ణి. మూడంటే ముతక అని తెలీదా నాకు? పదిహేను పెట్టుకోగలిగినవాడికి మూడు పెట్టి పోతాడా సాంబమూర్తి? నలభై నూలిచ్చి నూరు ధర చెప్పినట్టుంది అనుకున్నాను. అందుకే పై నంబరు మీద పెట్టుకున్నాను."

పున్నమ్మకి ఒక్క క్షణం నవ్వొచ్చింది. ఇంతేనా? ఇంత చిన్నదానికా సాంబమూర్తి రాత్రికి రాత్రి గడ్డం కూడా గీసుకోకుండా బండెక్కింది?

"బాబాయిగారూ, మీరు మగ్గం ఎరిగినవారు. నలభై నంబరు పడుగుని నూరు నంబరు అచ్చులో దూరిస్తే ఏమవుతుంది?"

అచ్చంటే మగ్గానికి దువ్వెన లాంటిది. పడుగు పోగులన్నీ దాని పళ్ళ సందుల్లోంచి దూరి రావాలి.

"ఎవడమ్మా దూర్చేది? సందులు ఇరుకు. పోగు ఒరుసుకుపోతుంది. బారెడు నేసేలోపల పుటుక్కుపుటుక్కున తెగుతుంది."

"అచ్చు మేలైనదే కదండీ? నలభై అచ్చు కన్నా దానికే ఖరీదు ఎక్కువ."

"అచ్చు మేలైతే ఏం లాభం? నూలుకి తగ్గది కావాలి గాని."

"ఈ పలకమీదివి అచ్చు నంబర్లండి." పున్నమ్మ ఆయన్ని స్పీకరు వెనక్కి పిలిచి, అయస్కాంతం మీది అంకె చూపించింది. "మీ నూలు నంబరు ఇదిగో, ఇక్కడుంది. మూడు. కొన్నప్పుడే కంపెనీవాళ్ళు రాసిపెట్టారు. మూడుకి మూడే కట్టాలి. పదిహేను నంబరు స్పీకరు కొంటే అప్పుడు పదిహేను మీద కట్టాలి. దేని గొప్ప దానిదే, పెద్ద నంబరు మేలని కాదు."

ఆదిశేషయ్యగారు వంగి, కళ్ళజోడు సవరించుకుని చూశారు. ఆ అంకె చాలాసేపు చూశారు.

"తప్పు అచ్చులో పడితే మీ పోగు తెగినట్టు, ఇక్కడ లోపల వెలిగే గాజు బుడ్లు, ఈ వాల్వులు, లాగలేని బరువు లాగాయండి. ఒక బండి కట్టాల్సిన ఎద్దులకి ఐదు బళ్ళు కట్టినట్టు. ఆ రోజు పాట ముందు సన్నగా వచ్చిందా?"

"వచ్చింది. సన్నగా, బొంగురుగా."

"చాల్లేదని శబ్దం మర చివరిదాకా తిప్పారా?"

"ఇంతమంది వచ్చారు, వినపడొద్దూ? తిప్పాను. రెండో గ్రామఫోను ప్లేటుకి కమురు వాసన." ఆయన గొంతు తగ్గింది. "నేనే కాల్చానన్నమాట."

పున్నమ్మ వెళ్ళి స్విచ్చి వేసింది.

వాల్వుల్లో నెమ్మదిగా ఎర్రటి వెలుగు పుట్టింది. చౌడేశ్వరమ్మగారు తెచ్చిన నాదస్వరం ప్లేటుని తిప్పే పళ్ళెం మీద వేసి, ముల్లు ఆనించి, శబ్దం మరని వేలి గోరంత తిప్పింది. పాట గదిలోకి రాలేదు, గుసగుసలాగా పెట్టె దగ్గరే తచ్చాడింది. పున్నమ్మ పాట వినడం లేదు. వాల్వుల లోపలి రేకులు ఎర్రబడుతున్నాయేమోనని చూస్తోంది. ఎర్రబడలేదు. మర ఇంకొంచెం తిప్పింది. ట్రాన్స్‌ఫార్మరు మీద అరచెయ్యి పెట్టింది. చల్లగానే ఉంది. ఇంకొంచెం.

సగం దాకా తిప్పేసరికి నాదస్వరం హాలంతా నిండింది. దాని కింద డోలు దెబ్బ, దెబ్బకీ దెబ్బకీ మధ్య ఖాళీ, సన్నాయి మనిషి ఊపిరి తీసుకోవడం కూడా విడిగా వినపడ్డాయి. గిడ్డంగిలో బేళ్ళు కడుతున్న కూలీలు తాళ్ళు పట్టుకునే గుమ్మం దాకా వచ్చారు. ఒక వైపు అయిపోతే పున్నమ్మ రెండో వైపు, అదీ అయిపోతే ఇంకో ప్లేటు వేసింది. అరగంట తరవాత మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది. గోరువెచ్చగా ఉంది. అంతే ఉండాలి.

"దీని బలం ఎంతండీ?" అని అడిగారు రామకోటేశ్వరరావు.

"ఎనిమిది వాట్లు."

"స్పీకరు మీద పన్నెండని రాసుందే? నాలుగు ఎక్కడ పోయాయి?"

"ఎక్కడికీ పోలేదండీ. పన్నెండు అది ఓర్చుకునేది. ఎనిమిది దీనికి మనం ఇచ్చేది. మీ బండి ఇరవై బస్తాలు మోస్తుంది. పన్నెండు వేస్తే మిగతా ఎనిమిదీ ఎవరో దొంగిలించినట్టా?"

"అది కాదు, మా ఇంట్లో పదహారు పెట్టించుకుంటే దీనికి రెట్టింపు మోగుతుందా అని."

"రెట్టింపు మోగదు. ఒక పిసరు పెరుగుతుంది, అంతే. ముందు మీ హాలు చూడాలి, తరవాత స్పీకరు కొనాలి, దానికి తగ్గట్టు పెట్టె కట్టాలి. వాట్లు చూసి కొనకండి."

"కొనను తల్లీ. మీరు కట్టించిందే కొంటా. మీ ఆయన్ని రమ్మనండి మద్రాసు నుంచి."

ఆ మాటకి ఆదిశేషయ్యగారు చప్పున తలెత్తి రామకోటేశ్వరరావు వైపు చూసి, మళ్ళీ పున్నమ్మ వైపు చూశారు. తరవాత అన్నారు. "అమ్మాయ్, నలుగురిలో సాంబమూర్తిని మాటన్నాను. నాది తప్పు."

"బుధవారం స్టేషను మొదలవుతుంటే వినడానికి ఆ నలుగుర్నీ మళ్ళీ పిలుస్తున్నారు కదండీ. ఈ మాట అప్పుడు అనండి బాబాయిగారూ. నాకు చెప్పడం కాదు, వాళ్ళకి చెప్పండి."

ఆయన ముఖం కొద్దిగా ఎర్రబడింది. ఐనా తల ఊపారు. "అంటాను."

పున్నమ్మ పట్టకారు తుడిచి సంచీలో పెట్టింది. రావలసిన సంతోషం ఎందుకో రావడం లేదు. కొంగు చివరి ముడి వేళ్ళకి తగిలింది. ఏదో ఒక పోగు లెక్కలో మిగిలిపోయింది. చిన్నప్పుడు తండ్రి అనేవాడు, అలా అనిపిస్తే మొదటికి వెళ్ళి లెక్కపెట్టమని. మొదటికి వెళ్ళింది. మూడు మీద కట్టింది సాంబమూర్తి. పదిహేను మీదికి మార్చింది ఈయన. ఇవాళ తను వచ్చేసరికి తీగ మూడు మీద ఉంది.

"మళ్ళీ మూడు మీదికి ఎప్పుడు మార్చారండీ?"

"నేనా? నేనెందుకు మారుస్తాను? పొగొచ్చాక దాని దగ్గరికే పోలేదు. భయం వేసింది."

"పిన్నిగారూ, మీరు గాని..."

"నేను దానిమీద దుమ్ము కూడా దులపలేదే."

"మీ మరిది తప్ప ఎవరూ ముట్టుకోలేదమ్మా," అన్నారు ఆదిశేషయ్యగారు. "కాలింది విప్పుకుపోవడానికి అతనే వచ్చాడు. ఒక్కడే ఉన్నాడు అరగంట. అసలు ఆ పై నంబరు సంగతి కూడా నా అంతట నేను చెయ్యలేదు. నంబర్లేమిటని అతన్నే అడిగాను. 'మన నూలు లెక్కే బాబాయిగారూ, పెరిగేకొద్దీ మేలు. అన్నయ్య ఎందుకు కిందిదాని మీద కట్టాడో మరి' అన్నాడు. తమ్ముడే అలా అంటే నాకు అనుమానం రాదూ?"

మూడేళ్ళుగా సాంబమూర్తి ఆ పలకల మీద అంకెలు రాస్తుంటే బ్రష్షు అందించినవాడు అంకమ్మరావు. ఏ నంబరు దేనికో అతనికి తెలియకపోవడం ఉండదు. తెలిసే చెప్పాడు. కాలాక, తీగ ఉన్నచోట ఉంటే బయటపడుతుందని తెలిసే వెనక్కి మార్చాడు.

"సరే," అంది పున్నమ్మ. "మన మాట ప్రకారం గది మాదే కదండీ?"

ఆదిశేషయ్యగారు ఇబ్బందిగా కదిలారు. "అదే నాకు అర్థం కావడం లేదమ్మా. నువ్వు రాగానే అడిగాను, ఇంకా దీనితో నీకేం పనని. గది మొన్న శుక్రవారమే అంకమ్మరావు పేర రాసిచ్చాను కదా. నీకు తెలుసనుకున్నాను. వదులుకుంటున్నానని సాంబమూర్తి సంతకం పెట్టాడు."

"ఆయన మద్రాసులో ఉన్నారండి."

ఆదిశేషయ్యగారు బీరువా తెరిచి ఒక కాగితం తీసుకొచ్చి ఆమె చేతిలో పెట్టారు. నవంబరు ఇరవై ఆరు, బెజవాడ. కింద సాంబమూర్తి సంతకం. చివర, అతను ఎక్కడ సంతకం పెట్టినా పెట్టే చుక్క. పని ముగిసిందని స్క్రూ మీద పెట్టే చుక్కలాగా, గట్టిగా, గుండ్రంగా.

"మద్రాసేమిటే పిల్లా?" చౌడేశ్వరమ్మగారు దగ్గరికి వచ్చారు. "ఆ కిటికీ పక్క కుర్చీలోనే కూచున్నాడు. గడ్డం పెరిగిపోయి, మనిషి సగం అయిపోయాడు. తల ఎత్తలేదు. మజ్జిగ నా చేత్తో ఇచ్చాను. ఎక్కడుంటున్నావు నాయనా అంటే పక్కనున్న అంకమ్మరావే చెప్పాడు, మా ఇంట్లోనేనండీ, వదినకి తెలుసు అని."

ప్లేటు అయిపోయి ముల్లు గరగరలాడుతోంది. పున్నమ్మ వంగి దాన్ని ఎత్తి పక్కన పెట్టింది. కాగితం మడిచి కొంగులో దోపుకుంది. ఆదిశేషయ్యగారు వద్దనలేదు.

వీధి గుమ్మం దగ్గర చెప్పులు విడిచిన చప్పుడైంది. ఆ వెనకే తాళంచెవి గలగల.

"పాట వీధి చివరిదాకా వినపడుతోంది వదినా! అన్నయ్య ఉంటే ఎంత సంతోషించేవాడో!" అంటూ అంకమ్మరావు నవ్వుముఖంతో లోపలికి వచ్చి, కిటికీ పక్కనున్న కుర్చీ లాక్కోబోయాడు.

"అందులో కూచోకు అంకమ్మరావూ," అంది పున్నమ్మ. "మొన్న శుక్రవారం మీ అన్నయ్య కూచున్న కుర్చీ అది."